మంత్రిగారి చత్వారం

ప్రవాసాంధ్రుల సంక్షేమ మంత్రి పీరయ్య గారు తమ కళ్ళను ప్రజాసేవకు అంకితం చేస్తున్నారని జెద్దా ప్రవాసుల సంఘం అధ్యక్షుడు ఓబులేసు ప్రకటించాడు. చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. సంఘం వ్యాను నడిపేది నేనే కాబట్టి కొట్టక తప్పదు.

మంత్రిగారు కళ్ళు దానం చేస్తున్నారేమోనని కొందరు కంగారుపడ్డారు. అంత దూరం పోలేదు. ఆయనకు చత్వారం వచ్చింది. యాభై ఆరేళ్ళకి రావడంలో వింతేమీ లేదు గానీ, ఆయన పార్టీ యువజన విభాగానికి కూడా అధ్యక్షులు. యువకుడు కళ్ళజోడు పెట్టుకుని ఉపన్యాసం చదివితే కేడర్ మనోధైర్యం ఏం కావాలి? అందుకే అధికారిక పర్యటనలో భాగంగా, పత్రికలవాళ్ళకు దూరంగా, జెద్దాలోని ఓ క్లినిక్‌లో లేజర్ చేయించుకోదలిచారు.

ఎడమ కన్ను దగ్గరికి, కుడి కన్ను దూరానికి సెట్ చేస్తామన్నాడు డాక్టరు. రెండు కళ్ళూ కలిసి చూడవు కనుక ఏ వస్తువు ఎంత దూరంలో ఉందో కొన్నాళ్ళు అంచనాకు అందదని హెచ్చరించాడు. నర్సు జాయ్సీ దాన్ని తెలుగులో చెప్పింది.

"ఒక కంటికి ఒకటి, ఇంకో కంటికి ఇంకోటి కనపడ్డం మా ఫీల్డులో మామూలేనమ్మా," అన్నారు మంత్రిగారు.

జాయ్సీది కాకినాడ. సందు దొరికింది కదా అని తన గోడు చెప్పుకుంది. ఆమె అక్క సుందరి రాబిగ్‌లో ఓ షేక్ ఇంట్లో పనిచేస్తోంది. కాంట్రాక్టు ఎప్పుడో అయిపోయినా, వీసాకు పూచీపడ్డ కఫీల్ అయిన ఆ షేక్ దేశం వదలడానికి ఎగ్జిట్ కాగితం ఇవ్వడం లేదు. ఊళ్ళో కొడుకు ఫోన్లో కన్నతల్లినే ఆంటీ అంటున్నాడట.

"మీరొక్క మాట అడిగితే ఆయన కాదనరండి," అంది జాయ్సీ.

మంత్రిగారు ఆమె తలమీద చెయ్యిపెట్టి హామీ ఇచ్చారు. లేజర్ అయ్యాక మళ్ళీ ఇచ్చారు. ఈసారి చెయ్యి కంప్యూటర్ మీద పడింది. హామీ మాత్రం అదే.

మర్నాడు జెద్దా పాతబస్తీ బలద్‌లో సంఘం ఆఫీసు ప్రారంభోత్సవం. మంత్రిగారు కత్తెర ఆడించారు. రిబ్బను అలాగే ఉంది, ఓబులేసు టై తెగింది. బానిసత్వపు చిహ్నం మీద తొలి వేటు అని ఓబులేసు మెడ తడుముకుంటూ వివరించాడు. వేదిక దిగుతూ మంత్రిగారు ఆఖరి మెట్టు దాటేసి ముందువరుస మీద పడ్డారు. జనంలోకి అంత వేగంగా వెళ్ళిన నాయకుణ్ణి నేనెన్నడూ చూడలేదు.

అక్కణ్ణుంచి రాబిగ్. మాతో వచ్చిన జాయ్సీ వ్యానులోనే కూర్చుంది. మంత్రిగారు, ఓబులేసు, సంఘం ఫోటోగ్రాఫర్‌ల వెనకాల కానుకల సంచి మోస్తూ నేను లోపలికెళ్ళాను. పనిమనిషి ఆరోగ్యంగానే ఉందని చూపించడానికి కాబోలు, షేక్ సుందరిని ట్రేతో గుమ్మం దగ్గర నిలబెట్టారు.

నౌకరు గహ్వా, అదే అరబ్బుల కాఫీ, పోసి చిన్న కప్పు అందించాడు. మంత్రిగారి చెయ్యి కప్పుకు జానెడు ఇవతలే గాలిని పట్టుకుంది. మళ్ళీ పట్టుకుంది. నౌకరు తికమకపడి కప్పును ముందున్న బల్లమీద పెట్టేశాడు. ఫోటోగ్రాఫర్ ఎదురుగా ఉన్నాడు కనుక మంత్రిగారు మూడోసారి ప్రయత్నించలేదు. కాఫీ చల్లారుతోంది.

షేక్ ముఖం గంభీరమైంది. "తాగండి. మీరు అడగబోయేది ఇచ్చాననే అనుకోండి," అన్నారు ఇంగ్లీషులో.

ఓబులేసు మంత్రిగారి చెవిలో దూరాడు. "కప్పు ముట్టకుంటే ఏందో కోరొచ్చినామని వీళ్ళ లెక్క సార్. ఆయప్ప మాటిచ్చేసినాడు, ఇంక తప్పడు. సుందరి పేరు చెప్పండి, చాలు."

గుమ్మం దగ్గర సుందరి చేతిలో ట్రే తలుపుకు తగిలి చప్పుడైంది.

మంత్రిగారు ఫోటోగ్రాఫర్ వైపు చూశారు. ఓ కన్ను మూసి కప్పును చూశారు. ఇంకో కన్ను మూసి చూశారు. తర్వాత గొంతు సవరించుకుని చక్కటి ఇంగ్లీషులో తమ కోరిక చెప్పారు.

"ఆ కప్పు కాస్త ఇటు జరిపించండి."

షేక్‌కు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక సుందరికి సైగ చేశారు. ఆమె వచ్చి, కప్పును మంత్రిగారి వేళ్ళకు తగిలేదాకా జరిపి, తిరిగి గుమ్మం దగ్గరికి వెళ్ళింది. ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది.

బయటికి రాగానే జాయ్సీ ఎదురొచ్చింది. "అడిగారాండీ?"

"అడిగానమ్మా. నోట్లోంచి మాట రావడం ఆలస్యం, ఇచ్చేశాడు. మహానుభావుడు," అని మంత్రిగారు వ్యానెక్కారు.

జాయ్సీ అక్క కోసం గేటు వైపు చూస్తూ, వ్యాను తలుపు తెరిచి పట్టుకుని నిలబడింది.