ముప్పై ఏడో పాయింటు

టాంకులో నీళ్ళుండటం అంత అవసరమా? నన్నడిగితే అక్కర్లేదంటాను. నీళ్ళున్నాయని గోడ మీద ఒక దీపం వెలిగితే చాలు!

కోప్పడకండి. కాస్త ఆలోచించండి. నీళ్ళు ఏం చేస్తాయి? కారతాయి, పాచి పడతాయి, ఎండాకాలం మాయమవుతాయి, వానాకాలం రంగు మారతాయి. దీపానికి ఈ రోగాలేవీ లేవు. పైగా నీళ్ళను చూడాలంటే మేడెక్కాలి. దీపాన్ని కుర్చీలో కూచుని, టీ తాగుతూ చూడొచ్చు. ఇన్ని వేల ఏళ్ళూ మానవజాతి నీళ్ళ కోసం వెతుక్కుంటూ పోయి పెద్ద పొరపాటే చేసింది.

ఈ జ్ఞానం నాకు ఊరికే రాలేదు. శాలిబండ దగ్గర ఒక సర్కారీ కాన్పుల ఆసుపత్రి పెట్టిన భిక్ష ఇది. పేరడక్కండి, దిష్టి తగులుతుంది. నాలుగంతస్తుల భవనం. అందులో మొగులయ్య పంపు డ్రైవరు. డ్రైవరన్న పేరే గానీ బండి లేదు. కింద హౌజులోంచి, అంటే నేలతొట్టిలోంచి, మేడ మీది టాంకులోకి నీళ్ళెక్కించే మోటారే ఆయన బండి. పద్దెనిమిదేళ్ళుగా రోజుకు మూడుసార్లు మేడెక్కి, నట్లు బిగించే పానాతో టాంకు పొట్ట మీద కొట్టి, చెవి ఆనించి వినేవాడు. ఠంగుమంటే ఖాళీ. ధబ్బుమంటే నిండు. ఆయన "ఆధా ఉంది" అన్నాడంటే సరిగ్గా సగమే ఉండేది.

ఎంత అనాగరికం! పైన రాకెట్లు ఎగురుతున్న రోజుల్లో ఒక మనిషి టాంకుకు చెవి ఆనించి నిలబడటమేమిటి? విదేశాలవాళ్ళు చూస్తే మన పరువేం కాను?

అందుకని ఎనభై ఆరో సంవత్సరంలో ఆ ఆసుపత్రికి సెంట్రల్ కంట్రోల్ సిస్టమ్ వచ్చింది. రోగుల చుట్టాలు కూర్చునే గది ఖాళీ చేయించి, బొంబాయి కంపెనీవాళ్ళు గోడంత బోర్డు బిగించారు. భవనంలోని ప్రతి మోటారుకూ, టాంకుకూ, తలుపుకూ ఆ బోర్డు మీద ఒక నంబరు. దాని పేరు పాయింటు. ఒక్కో పాయింటుకు రెండు దీపాలు, ఒకటి ఆకుపచ్చ, ఒకటి ఎరుపు. ఎక్కడో ఉన్న వస్తువు ఎలా ఉందో దీపం ఇక్కడ చెబుతుంది. దాన్ని బట్టి బోర్డే నడపాల్సింది నడుపుతుంది, ఆపాల్సింది ఆపుతుంది. మనిషితో పనే లేదు.

టెండరులో నూట అరవై నాలుగు పాయింట్లని రాసుకున్నారు. తీరా చూస్తే భవనంలో తొంభై ఏడే తేలాయి. మిగతా అరవై ఏడూ ఎక్కణ్ణుంచి తేవాలి? ఆ భారం అసిస్టెంటు ఇంజనీరు ఆదిశేషయ్య గారి మీద పడింది. తెనాలి నుంచి బదిలీ మీద వచ్చినవారు, కష్టజీవి, ఫైల్లో ఖాళీ గడి కనబడితే అన్నం సయించని మనిషి. వరండాలో ఆగిపోయిన గడియారానికి ఒక పాయింటు ఇచ్చారు. రెక్కల్లేని కిటికీకి ఒకటి, "మూసి ఉంది" అని. ఇంకా కట్టని లిఫ్టుకు ఒకటి, "సిద్ధం" అని. సూపరింటెండెంటు శ్రీహరిరావు గారి గదికి రెండు, ఆయన ఉంటే ఒకటి, లేకపోతే ఒకటి. ఆ రెండోదాని బల్బు నెల తిరక్కుండానే మాడిపోయింది. ఆవరణలోని వేపచెట్టుకు కూడా ఒకటి ఇద్దామనుకున్నారు గానీ తీగ అందలేదు.

బోర్డు మీద అంతా తెలుగులోనే ఉండాలని పైనుంచి ఉత్తర్వు. ధూల్‌పేట్‌లో వినాయకుడి విగ్రహాలకు కళ్ళు దిద్దే అంజన్‌ను పిలిపించారు. అతడు ప్రతి అక్షరానికీ కనుబొమలు తీర్చినంత శ్రద్ధగా రాశాడు.

అయితే ఏం రాయాలి? ఏ వస్తువు ఎలా ఉంటే ఏ మాట పెట్టాలి? అది తేల్చుకోవడానికి ఆదిశేషయ్య గారు నోటుబుక్కు తీసుకుని మొగులయ్య ఎదురుగా కూచున్నారు. ఒక ఇంజనీరు పంపు డ్రైవరును అడిగి రాసుకోవడం ఆ శాఖలో అదే మొదలు. చివర కూడా అదే.

"ముప్పై ఏడు. మేడ మీద టాంకు. లోపల నీళ్ళ మీద తేలే బంతి ఉంటుంది కదా, అది కిందికి దిగితే ఏమిటయ్యా?"

"దిగితె చాలు, సార్."

"పైకొస్తే?"

"మీదికొస్తె బంద్."

"అంతేనా?"

"అంతె సార్. గంతకంటె ఏముంటది?"

పాఠకులారా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. పాతబస్తీలో చాలు అంటే నడుస్తోందని అర్థం. ఫ్యాను చాలు, నల్లా చాలు, దుకాణం చాలు. ఉర్దూలోంచి వచ్చి తెలుగింట్లో కాపురం పెట్టిన మాట. బంతి దిగితే మోటారు నడవాలి, పైకొస్తే మోటారు ఆగాలి అని చెప్పాడు మొగులయ్య. పద్దెనిమిదేళ్ళ అనుభవం రెండు మాటల్లో పెట్టాడు. మరి సరిపోయింది అనడానికి ఆయనేమంటాడు? సాలు అంటాడు. అది వేరే అక్షరం, వేరే సంగతి.

ఆదిశేషయ్య గారి తెనాలి చెవికి తెలిసింది ఒక్కటే చాలు. బంతి కిందుంటే నీళ్ళు చాలు. పైకొస్తే నీళ్ళు బంద్! ఆయనకు కాస్త వింతగానే తోచింది. కానీ ఈ ఊళ్ళో అన్నీ ఇలాగే తిరగేసి ఉంటాయని సరిపెట్టుకుని, ఇంగ్లీషులోకి తర్జుమా చేసి బొంబాయి పంపారు. కంపెనీవాళ్ళు చెప్పింది చెప్పినట్టు తీగలు కలిపారు. నీళ్ళు చాలినప్పుడు మోటారు ఆగుతుంది, నీళ్ళు బంద్ అయినప్పుడు మోటారు నడుస్తుంది. వినడానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి!

ప్రారంభోత్సవానికి ముందు టాంకు కడిగించారు. ఖాళీ టాంకులో బంతి అడుగున కూలబడింది. కింద ముప్పై ఏడో పాయింటు దగ్గర ఆకుపచ్చ దీపం ధగధగా వెలిగింది. దాని కింద అంజన్ చేత్తో అందంగా, "చాలు". శ్రీహరిరావు గారు చప్పట్లు కొట్టారు. ఇక మనిషి చెయ్యి పడకూడదని మోటారు గదికి తాళం వేయించి, చెవి తన సొరుగులో పెట్టుకున్నారు. మొగులయ్య పోస్టు రద్దు చెయ్యొచ్చని అదే రోజు పైకి కాగితం పంపారు. రద్దయితే ఆయన తానుండే లాల్‌దర్వాజా ఇల్లు ఖాళీ చేసి, సర్వీసులో మిగిలిన ఆరేళ్ళూ ఆదిలాబాదులో ఏ మందుల గోడౌనుకో కాపలా కాయాలి.

పైపుల్లో మిగిలిన నీళ్ళు కూడా అయిపోయి, మర్నాడు పొద్దున పది గంటలకు మూడో అంతస్తులో నల్లాలు బుస్సుమని గాలి వదిలాయి. వార్డు ఆయా కృష్ణమ్మ ఖాళీ బకెట్టు పట్టుకుని దిగొచ్చింది.

"మొగులన్నా! నల్లాల సుక్క నీళ్ళు లేవ్. ఐదుగురు బాలింతలున్నరు. ఇంకొకామె నొప్పులు వడుతున్నది. నేనేం జెయ్యాలె?"

మొగులయ్య మేడెక్కి పానాతో కొట్టాడు. ఠంగుమంది. గబగబా దిగొచ్చి శ్రీహరిరావు గారి ముందు నిలబడ్డాడు.

"టాంకి ఖాలీ ఉంది సార్. మోటర్ గది తాళంచెవి ఇయ్యుండ్రి."

శ్రీహరిరావు గారు బోర్డు దాకా నడిచి, కళ్ళజోడు సవరించుకున్నారు. "చాలు అని వెలుగుతోంది కదయ్యా."

"చాలు అని వెలుగుతున్నది గని, మోటర్ చాలు లేదు సార్."

"నీళ్ళు చాలుతుంటే మోటారెందుకు? పోస్టు పోతుందని సిస్టమ్ మీద బురద చల్లకు!"

సాయంత్రానికి మొగులయ్యకు మెమో అందింది. సిస్టమ్‌కు విరుద్ధమైన సమాచారం ఇచ్చినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ చెప్పుకోవాలట. ఈలోపు ఆయనా కృష్ణమ్మా హౌజులోంచి తోడి మూడో అంతస్తుకు మోశారు. నొప్పులు పడుతున్న ఆమెకు ఆడపిల్ల పుట్టింది. తొలిస్నానానికి నీళ్ళు అందించి మెట్ల మీద కూలబడినప్పుడు మొగులయ్యకు ఏడుపొచ్చింది. నీళ్ళు లేవని చెప్పినందుకు తాను దొంగయ్యాడు. ఉన్నాయని చెప్పిన బల్బు దొరయింది.

మూడో రోజు పొద్దున కోపం పట్టలేక మేడెక్కి, టాంకు మూత తీసి, "నీకేమైందే?" అంటూ ఆ బంతిని చేత్తో పట్టి పైకి లేపాడు. అంతే! కింద తాళం వేసిన గదిలో మోటారు గర్జించింది. వదిలాడు. ఆగింది. మళ్ళీ లేపాడు. నడిచింది.

మొగులయ్యకు అర్థమవడానికి అర నిమిషం పట్టింది. బోర్డుకు నిజం చెబితే వినదు, అబద్ధం చెబితే పని చేస్తుంది. ఇన్నేళ్ళ సర్కారీ నౌకరీలో అది ఆయనకు కొత్త సంగతేమీ కాదు.

కృష్ణమ్మ పాత చీర పేలిక ఒకటి చింపి ఇచ్చింది. టాంకు ఖాళీ అయితే మొగులయ్య ఆ పేలికతో బంతిని పైకి కట్టేవాడు. బోర్డు నీళ్ళు బంద్ అయ్యాయనుకుని మోటారు నడిపేది. టాంకు నిండగానే, కడిగి ఉంచుకున్న పానాను బంతికి కట్టి నీళ్ళలో ముంచేవాడు. బోర్డు నీళ్ళు చాలనుకుని మోటారు ఆపేది. పద్దెనిమిదేళ్ళు టాంకును వాయించిన పానాకు చివరికి ఈ ఉద్యోగం దొరికింది. టాంకు ఎప్పుడు నిండుతుందో, ఎప్పుడు ఖాళీ అవుతుందో కనిపెట్టుకుని ఉండాలి గనక మనిషి కదలడానికి లేదు. మూడుసార్లు ఎక్కి దిగే పని పోయి, పొద్దస్తమానం మేడ మీదే పని పడింది. ఎండకు తల మీద తువ్వాలు, పక్కన మంచినీళ్ళ చెంబు.

సంజాయిషీలో ఇదంతా రాయొచ్చు కదా అంటారేమో. రాశాడు. సిస్టమ్‌లో చెయ్యి పెట్టినట్టు ఒప్పుకున్నందుకు ఇంకో మెమో వస్తుందని గుమాస్తా రామ్‌చందర్ దయతలచి చింపేశాడు.

కింద మాత్రం ఆనందమే ఆనందం. శ్రీహరిరావు గారు పైకి పంపిన నివేదికలో ఇలా ఉంది: "దినమునకు మూడు పర్యాయములు నీరు బంద్ అగుచున్నది. మూడు పర్యాయములును సిస్టమ్ తనంత తానే గుర్తించి, మోటారు నడిపి, నీరు చాలినంతనే ఆపుచున్నది. మానవ ప్రమేయము శూన్యము." శూన్యం సరిగ్గా ఆయన తల మీద నాలుగంతస్తుల ఎత్తున చీర పేలిక పట్టుకుని కూచుంది. నివేదిక చదివి పైవాళ్ళు మురిసిపోయారు. శ్రీహరిరావు గారికీ ఆదిశేషయ్య గారికీ ప్రశంసాపత్రాలొచ్చాయి. ఇంకో నాలుగు ఆసుపత్రులకు ఇలాంటి బోర్డులే బిగించాలన్నారు.

ఆ ప్రశంసాపత్రాలతో పాటే మొగులయ్య ఉత్తర్వు కూడా వచ్చింది. పదహారణాల తెలుగులో ఉంది: "కొత్త వ్యవస్థ దృష్ట్యా ఈ ఆసుపత్రిలో ఇక మీ సేవ చాలు."

మొగులయ్య ఉత్తర్వు రెండుసార్లు చదివాడు. మడిచి అంగీ జేబులో పెట్టుకుని, దండం పెట్టి, మేడ మెట్ల వైపు నడిచాడు.

"ఎక్కడికయ్యా?" అన్నారు శ్రీహరిరావు గారు.

"నా సేవ చాలు అని రాసిన్రు గద సార్. చాలు అంటె నడవాలె. నడిపిస్త."

ఆదిశేషయ్య గారికి నవ్వొచ్చింది. "చాలు అంటే నడవడం కాదయ్యా పిచ్చోడా! సరిపోయింది, ఇక ఆపమని."

"గది సాలు, సార్. సరిపోతె మేం సాలంటం. నడిస్తె చాలంటం." మొగులయ్య బోర్డు వైపు చెయ్యి చూపాడు. "గా దినం మీకు చెప్పిన గద. బంతి దిగితె మోటర్ చాలు."

నవ్వు ఆగింది. ఆదిశేషయ్య గారు నోటుబుక్కు తెరిచి ముప్పై ఏడో పేజీ తిప్పారు. ఆయన మొహంలో రంగు పోయింది. శ్రీహరిరావు గారు ఆయన్ని చూశారు, గోడకు కొత్తగా తగిలించిన ప్రశంసాపత్రాన్ని చూశారు.

మొగులయ్యే వాళ్ళకు ధైర్యం చెప్పాడు. "ఫికర్ చెయ్యకుండ్రి సార్. గా రెండు తీగలు అటుదిటు మార్పియ్యుండ్రి, సాలు. మోటర్ మంచిగ నడుస్తది, వార్డుకు నీళ్ళొస్తయ్. నేను ఆదిలాబాదే పోత."

రెండు తీగలు! పదినిమిషాల పని! ఇల్లు పోయినా పర్లేదు, నీళ్ళు రానీ అంటున్నాడు ఆ మనిషి. ఆ ఇద్దరూ ఏం చేయాలి? మీరైతే ఏం చేసేవాళ్ళు?

మీకేం తెలుసండీ పరిపాలన! తీగలు మార్చాలంటే బొంబాయికి జాబు రాయాలి. జాబు రాయాలంటే తప్పు జరిగిందని రాయాలి. తప్పు జరిగిందంటే, మూడు నెలలుగా తనంత తానే నడుస్తున్నదేమిటని పైవాళ్ళు అడుగుతారు. మిగతా నాలుగు బోర్డులూ ఆగిపోతాయి. ఇంత అనర్థం రెండు తీగల కోసమా? అందుకని ఇద్దరూ కూచుని ఫైల్లో ఒక నోటు రాశారు: "ముప్పై ఏడవ పాయింటు విషయమున చాలు అను పదమునకు ప్రామాణికార్థమును, మొగులయ్య ఉత్తర్వు విషయమున స్థానికార్థమును గ్రహించవలెను."

అలా మొగులయ్య పోస్టు నిలబడింది. బోర్డు కూడా నిలబడింది. కాకపోతే మేడ మీద ఒక మనిషి ఉంటున్నప్పుడు సిస్టమ్‌కు తెలియకపోతే ఎలా? అంజన్‌ను మళ్ళీ పిలిపించి నూట అరవై ఐదో పాయింటు రాయించారు. మొగులయ్య స్టూలు మీద కూచుంటే ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. దాని కింద కనుబొమలు తీర్చిన అక్షరాల్లో, "చాలు".

మొన్న నేను ఆ మేడెక్కాను. నడి ఎండలో తువ్వాలు కప్పుకుని, చీర పేలిక చేత పట్టుకుని ఉన్నాడు. మీ పాయింటు వెలుగుతోంది, ఎలా ఉంది నౌకరీ అని అడిగాను.

"నౌకరీ చాలు ఉంది సార్," అన్నాడు మొగులయ్య, మొహం తుడుచుకుంటూ. "గని, సాలయింది."