నడుం వాల్చిన రోగి

ఆ ఉదయం గుసగుస పెట్టుకున్న పని ఒక్కటే, గొంతు పెంచడం. ఈ నర్సింగ్ విద్యార్థిని మాట పక్కవాళ్లకి కూడా వినపడదు కనుక గుసగుస అన్న పేరే స్థిరపడిపోయింది. ఆసుపత్రి శిక్షణ గదిలో ఉత్తుత్తి రోగికి జట్టుగా వైద్యం చేసే పరీక్షలో రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే ఏడాదంతా గంగపాలే.

"జట్టుకి నువ్వే లీడర్‌వి," అంది టీచరమ్మ. "మా ఆయనే రోగిగా పడుకుంటారు. గుండెనొప్పి, మతిమాలిన మాటలు, అన్నీ నేర్పించాను. నేను రోగిని కాదంటారు, తిడతారు, పారిపోబోతారు. నమ్మారంటే మునిగిపోతారు!" అని హెచ్చరించి, బయటి నుంచి వచ్చే పరీక్షాధికారికి ఎదురెళ్లడానికి గేటు దగ్గరికి పరిగెత్తింది.

ఆ అధికారి పక్క గుమ్మంలోంచి ముందే వచ్చేశాడు. బస్సు ప్రయాణానికి నడుం పట్టేసింది. ఎదురుగా ఖాళీ మంచం, ఉతికిన దుప్పటి. ఎవరూ చూడటంలేదు కదా అని కాసేపు నడుం వాల్చాడు. జట్టులో ఎవరూ ఎన్నడూ చూడని టీచరమ్మగారి ఆయనేమో క్యాంటీన్‌లో రెండో కాఫీ చెప్పాడు.

జట్టు లోపలికొచ్చి గుసగుస వంక చూసింది. ఆమె మంచం దగ్గరికెళ్లింది. "సార్, నొప్పి ఎక్కడ?" అంది. దోమకి కూడా వినపడలేదు.

మనుషుల అలికిడికి అధికారి ఉలిక్కిపడి లేచాడు. "నేను రోగిని కాదమ్మా!"

అచ్చం టీచరమ్మ చెప్పినట్టే! గుసగుసకి ఎక్కడలేని ధైర్యం వచ్చింది. "పడుకోబెట్టండి!"

"నేను పరీక్షాధికారిని!"

"మతి స్థిమితంగా లేదు, రాసుకో!"

"అందర్నీ ఫెయిల్ చేస్తా!"

"చిరాకు పెరిగింది. నువ్వు ఆక్సిజన్ పెట్టు! నువ్వు బీపీ చూడు! నువ్వు కాళ్లు పట్టుకో, పారిపోతారు!"

పరీక్ష గట్టెక్కించమని కాళ్లు పట్టుకున్నవాళ్లని ఆయన చాలామందినే చూశాడు గానీ, ఇంత గట్టిగా పట్టుకున్నవాళ్లని చూడలేదు. చొక్కా గుండీలు ఊడాయి, ఛాతీకి తీగలు అంటుకున్నాయి. మాస్కులోంచి తిట్లు బుడబుడమని వస్తున్నాయి. ఎంత బాగా నటిస్తున్నారో అని గుసగుస ముచ్చటపడింది.

అప్పుడు తలుపు తెరుచుకుంది. పూలగుత్తితో టీచరమ్మ, వెనకాల రోగి గౌనులో ఆమె భర్త. "కొంచెం ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి," అన్నాడాయన.

గుసగుస మంచం మీది మనిషినీ, గుమ్మంలో మనిషినీ మార్చి మార్చి చూసింది. పై ప్రాణాలు పైనే పోయాయి.

అధికారి మాస్కు పీకేశాడు. "నా కాళ్లు పట్టుకోమన్నది ఎవరు?"

"నేనే సార్." గాలి మాత్రమే వచ్చింది.

"వినపడలేదు!"

మునిగినవాడికి చలేమిటి? "నేనే సార్! వాళ్ల తప్పేం లేదు, నేను చెప్పిందే చేశారు!" వరండాలో వెళ్లేవాళ్లు కూడా ఆగి తొంగిచూశారు.

తీగలు పీక్కుంటున్న అధికారి చెయ్యి ఆగింది. "అదే కదమ్మా నా ఏడుపు! ఇంతసేపు గొంతు చించుకున్నా నా మాట ఒక్కరూ వినలేదు, నీ మాటే విన్నారు." పెన్ను తీశాడు. "జట్టు లీడర్ మాట వినాలి. ఇవాళ్టి పరీక్ష అదే. పాస్! రోగి మాట వినడం వచ్చే ఏడు నేర్చుకుందువుగాని. ఇంతకీ నా బీపీ ఎంత?"

"ఇప్పటిదా సార్, ఇందాకటిదా?"

ఆమెకి ఏడుపూ నవ్వూ ఒకేసారి ముంచుకొచ్చాయి. జట్టంతా గట్టెక్కింది. ఆ రోజు తప్పింది ఒక్కరే, కాఫీ దగ్గర ఆగిపోయిన రోగి.