దిగుడు బావులు, మూడో సంపుటం

ఆ సోమవారం జయశ్రీ వేసుకున్న పథకంలో మూడే పనులున్నాయి. పదకొండింటికి క్లాసు. పన్నెండున్నరకి చిక్కడపల్లి ఇంటినుంచి తెచ్చుకున్న బీరకాయ కూర. ఒంటిగంటకి డైరెక్టరు ఇంద్రసేన గారికి ఒక ఉత్తరం. మూడింటిలో ప్రమాదం ఉన్నది ఉత్తరంలోనే అనుకుంది. పొరపాటు. మందుపాతర క్లాసులో ఉంది.

ఉత్తరం దేనికంటే, గది కోసం. నారాయణగూడలోని ఆ విశ్వవిద్యాలయం కొన్నేళ్ల కిందట కంప్యూటర్ సైన్సునూ గ్రంథాలయ శాస్త్రాన్నీ కలిపి ఒకే స్కూలు చేసింది. రెండూ సమాచారం పనే కదా అన్నారు. పెద్దలు కుదిర్చిన సంబంధం. కాగితం మీద జోడీ బాగానే ఉంది. కాపురానికొచ్చేసరికి కంప్యూటర్ల వైపు వాళ్లకి మూడు అంతస్తులూ ఏసీలూ దక్కాయి. గ్రంథాలయం వైపు వాళ్లకి కింద ఒక చదువుకునే గది, పన్నెండు బీరువాలు, జయశ్రీ, అటెండరు పీరయ్య మిగిలారు. ఇప్పుడు ఆ గది కూడా కావాలట, నాలుగో ల్యాబుకి. నెలకి వంద మంది కూడా రాని గది దండగని ఇంద్రసేన గారు నోటు రాసిపెట్టారు. శనివారం కమిటీ వచ్చి తేలుస్తుంది. పోయిన నెల వచ్చినవాళ్లు ముప్ఫై ఒక్కరు. అందులో నలుగురు ఫ్యాను కోసం వచ్చినవాళ్లు.

క్లాసులో ఆ రోజు పాఠం, ఆన్‌లైన్ కేటలాగులో పుస్తకం వివరాలు ఎక్కించడం. ఈ విషయంలో జయశ్రీది ఒకటే సూత్రం. నేర్చుకునే చెయ్యి అసలు పుస్తకం మీద పడకూడదు. కేటలాగులో పడ్డ తప్పు, దాన్ని చేసినవాడికన్నా ఎక్కువకాలం బతుకుతుంది. అందుకని ఏటా ఒక లేని పుస్తకాన్ని కల్పించి దానిమీదే సాధన చేయిస్తుంది.

బోర్డు మీద రాసింది: 'హైదరాబాద్ రాజ్యంలో దిగుడు బావులు'. సంపుటాలున్న పుస్తకం ఎక్కించడం కష్టం కాబట్టి, పిల్లలకి పని తగలాలని, 'మూడో సంపుటం' అని చేర్చింది. 1956లో అచ్చు, 286 పేజీలు. రచయిత పేరు దగ్గర ఆగింది. సరిగ్గా అప్పుడే పీరయ్య చాయ్ పట్టుకొచ్చాడు.

"పీరయ్యన్నా, నీ పేరు పెట్టనా?"

"పెట్టుండ్రి మేడం. నా పేరేమన్న అరుగుతదా?"

కె. పీరయ్య. ప్రతుల సంఖ్య దగ్గర నిజాయితీగా సున్నా కొట్టింది. పిల్లలు అదంతా కేటలాగులోకి ఎక్కించారు.

క్లాసు అయింది, బీరకాయ కూర అయింది. ఉత్తరం మొదటి వాక్యం దగ్గరుండగానే మూడో అంతస్తులో ఇంద్రసేన గారు కుర్ర లెక్చరరు అనుదీప్‌ని పిలిచి, కమిటీ వస్తున్నది కాబట్టి కేటలాగు ఈ రోజే వెబ్‌సైటులో పెట్టమన్నారు. టెస్టింగ్ ఉంది సార్ అన్నాడతను. "టెస్టింగ్ జనాలు చేస్తరు తియ్" అన్నారాయన. అనుదీప్ మొత్తం ఎత్తి బయటపెట్టాడు. అసలు పుస్తకాలు నాలుగు వేలు, సాధన పుస్తకం ఒకటి.

ప్రతులు సున్నా ఉంటే ఆ సాఫ్ట్‌వేరు పుస్తకం లేదని మొహమ్మీద చెప్పదు. చాలా మర్యాద గలది. 'అన్ని ప్రతులూ పాఠకుల దగ్గర ఉన్నాయి' అంటుంది.

మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకే కౌంటరు దగ్గర ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడు. పేరు కళ్యాణ్. అశోక్ నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్ టూకి చదువుతున్నాడు. కొత్త రాష్ట్రం వచ్చి మూడు నెలలు దాటింది. సిలబస్ మారుతుందని ఆ వీధుల్లో అందరికీ తెలుసు. ఎట్లా మారుతుందో ఒక్కరికీ తెలియదు. అట్లాంటి చోట పుకారు పుట్టడానికి రెండు చాయ్‌లు చాలు. కొత్త కేటలాగులో ఒక్క ప్రతీ మిగలని హైదరాబాద్ చరిత్ర పుస్తకం కనబడితే ఇక చెప్పేదేముంది.

"మేడం, దిగుడు బావులు మూడో సంపుటం కావాలె."

జయశ్రీ చేతిలో పెన్ను ఆగింది. "ఆ పుస్తకం లేదు బాబూ."

"ఎరుకే మేడం. అన్నీ బయటనే ఉన్నయని చూపెడుతున్నది. ఎప్పుడొస్తది?"

"అది వచ్చేది కాదు."

"అంత గట్టిగ పట్టుకున్నరా!" కళ్యాణ్ కళ్లు మెరిశాయి. "దొరికే బుక్కు అందరు సదువుతరు మేడం. దొరకని బుక్కే ర్యాంకు ఇస్తది."

"అరే, జర విను. అది క్లాసు కోసమని నేనే..."

"క్లాసోళ్లకే ఇచ్చిన్రా? బయటోళ్లం మేమేం గావాలె మరి?"

ఆమెకి జాలేసింది. లోపలికెళ్లి పాత జిల్లా గెజిటీరు తెచ్చి ఇచ్చింది. ఎనిమిదేళ్లుగా దాన్ని పురుగులు తప్ప ఎవరూ తెరవలేదు. రిజిస్టరులో సంతకం పెట్టి, సాయంత్రం దాకా కదలకుండా చదివాడు. వెళ్తూ వెళ్తూ మూడో సంపుటానికి తన పేరు రిజర్వు చేసిపోయాడు. అతను పద్నాలుగోవాడు.

జయశ్రీ మెట్లు రెండేసి ఎక్కి అనుదీప్ మీద పడింది. "ముందు ఆ పుస్తకం తీసెయ్."

అనుదీప్ రెండు నిమిషాలు కీబోర్డు కొట్టి తలెత్తాడు. "తీయనిస్తలేదు మేడం. రిజర్వు చేసుకున్నోళ్లున్న పుస్తకం తీసేయొద్దని రూలు పెట్టిన్రు. పాఠకుడి హక్కంట."

"ఎవడు పెట్టిండు ఆ రూలు?"

"మీరే మేడం. పోయిన జూన్‌ల మీటింగ్‌ల బల్ల గుద్ది మరీ పెట్టించిన్రు."

ఆమెకి ఆ బల్ల గుర్తొచ్చింది. బాగానే గుద్దింది.

బుధవారానికి రిజర్వేషన్లు తొంభై ఆరు. మధ్యాహ్నం అనుదీప్‌కి ఒక ఉపాయం తట్టింది. తీసేయడానికి లేకపోతే, పుస్తకం పోయిందని గుర్తు పెట్టొచ్చు కదా. పోయిన పుస్తకం కోసం ఎవరాగుతారు? జయశ్రీ సరేనంది. అతను ఒక్క నొక్కు నొక్కాడు.

పోయిన పుస్తకాల విషయంలో కూడా ఆ సాఫ్ట్‌వేరుకి తనదైన మర్యాద ఉందని అప్పుడే తెలిసింది. తొంభై ఆరు మందికీ తొంభై ఆరు మెయిళ్లు పోయాయి. 'మీరు కోరిన గ్రంథం కనిపించడం లేదు. విచారణ జరుగుతోంది. మీ సహనానికి కృతజ్ఞతలు.'

సహనం అశోక్ నగర్‌లో దొరకని సరుకు. మూడో సంపుటాన్ని ఏదో కోచింగ్ సెంటరు మాయం చేసిందని సాయంత్రానికల్లా చాయ్ బండ్ల దగ్గర తీర్మానమైపోయింది. గురువారం తలుపు తీసేసరికి గుమ్మంలో అరవై మంది.

"ఆ పుస్తకం లేదు" అంది జయశ్రీ గొంతు పెంచి. "అసలు ఎప్పుడూ లేదు!"

"అట్లనే చెప్పమన్నరా మేడం మీకు?" వెనకనుంచి ఎవరో జాలిగా అడిగారు.

ఇక నిజం చెప్పి లాభం లేదని ఆమెకి అర్థమైంది. చేయగలిగింది ఒకటే. వచ్చినవాళ్లని ఉత్త చేతుల్తో పంపకూడదు. బావులు అడిగినవాడికి పాత నీటిపారుదల నివేదిక. నిజాం కాలం అడిగినవాడికి జనాభా లెక్కల సంపుటం. ఏదీ అడగడం రానివాడికి కూర్చోబెట్టి అడగడం నేర్పడం. పాతికేళ్లుగా ఆమె చదివినదీ చెప్పినదీ ఇదే. రోజంతా నిలబడి ఇదే చేసింది. కుర్చీలు చాలక కుర్రాళ్లు కిటికీ గట్ల మీద కూర్చున్నారు. పాపం చేస్తున్నానన్న భయం ఒక పక్క, పుట్టి బుద్ధెరిగాక ఇంత హాయిగా పని చేయలేదన్న సంతోషం ఒక పక్క.

మూడింటికి పీరయ్య గోడ పట్టుకుని వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

"మేడం, నేను పుస్తకం రాసిన్నంట. ఎప్పుడు రాసిన్నో జర మీరన్న చెప్పుండ్రి."

గేటు దగ్గర సిబ్బంది పేర్ల బోర్డు ఉంది. కె. పీరయ్య, అటెండరు. కళ్యాణ్ బృందం దాన్ని చదివింది. చాయ్ బండి దగ్గర పీరయ్యని చుట్టేసింది.

"నేను రాయలేదని అన్న మేడం. పెద్దోళ్లు గిట్లనే అంటరన్నరు. యాభై ఆరుల అచ్చయిందంట, నేను పుట్టిందే అప్పుడన్న. అయితే మీ తాత పేరేందన్నరు. పీరయ్యనే, తాత పేరే నాకు పెట్టిన్రన్న. తాత ఏం పనిచేస్తుండె అన్నరు."

"ఏం చెప్పినవ్?"

"ఉన్నదే చెప్పిన మేడం. పాలమూరు కాడ బావులు తవ్వుతుండె అని."

జయశ్రీ కుర్చీలో కూలబడింది.

పీరయ్య గొంతు తగ్గించాడు. "మేడం, ఒకటి అడుగుత. మా తాత నిజంగనే రాసిండేమో?"

"మీ తాతకి చదువొచ్చా అన్నా?"

"రాదు మేడం."

"మరి?"

"అదే నాకు సమజైతలేదు."

కుర్రాళ్లు మాత్రం ఊరుకోలేదు. బావి ఎట్లా తవ్వుతారు, ఊట ఎక్కడుందో ఎట్లా తెలుస్తుంది, రాయి ఏ వైపునుంచి పేర్చుకుంటూ రావాలని ఒక్కొక్కటీ అడిగారు. తాత దగ్గర తట్ట మోసిన పీరయ్య ఒక్కొక్కటీ చెప్పాడు. శుక్రవారం సాయంత్రం అశోక్ నగర్ జిరాక్సు కొట్టులో 'పీరయ్య బావులు: ముఖ్యాంశాలు, బిట్లతో సహా' అమ్మకానికి వేలాడుతోంది.

అదే సాయంత్రం ఇంద్రసేన గారు చదువుకునే గదిలోకి పరుగున వచ్చారు. ఈ గదిలోకి ఆయన రావడం అది రెండోసారి. మొదటిసారి కొలతలు తీసుకోవడానికి వచ్చారు.

"జయశ్రీ గారూ! నాలుగు వందల పన్నెండు రిజర్వేషన్లంట! ఐదు రోజుల్ల! మన కేటలాగు సూపర్ హిట్టు. రేపు కమిటీకి ఇదే చూపెడుతున్న. గింత డిమాండ్ ఉంటే గది ముట్టుకునుడే లేదు."

"సార్, ఆ పుస్తకం సంగతి మీకొకటి చెప్పాలె..."

"పోయిందంట కదా? పరేషాన్ గాకుండ్రి. పోతెనే పుస్తకానికి విలువ." ఆయన అప్పటికే మెట్ల మీదున్నారు.

శనివారం పదకొండింటికి కమిటీ వచ్చింది. దాని అధ్యక్షురాలు రత్నమాల గారు, చరిత్ర ప్రొఫెసరుగా రిటైరైన మనిషి. ఆమె ఎదట కూర్చుంటే వైస్ ఛాన్సలర్లు కూడా కాళ్లు దగ్గరికి పెట్టుకుంటారు. ఇంద్రసేన గారు ప్రొజెక్టరు వేసి, అంకె చూపించి, ఛాతీ పొంగించారు.

"హైదరాబాద్ రాజ్యంలో దిగుడు బావులు." రత్నమాల గారు నెమ్మదిగా చదివారు. "మూడో సంపుటం. నలభై ఏళ్లు ఇదే చరిత్ర చెప్పాను. ఈ పుస్తకం నా కంట పడలేదే. మీరు చూశారా ఇంద్రసేన గారూ?"

"చూసుడేంది మేడం!" అన్నారాయన. "మొదటి రెండు సంపుటాలు మా ఇంట్లనే ఉన్నయి. మా నాయిన కొన్నడు. అద్భుతమైన శైలి."

వెనక వరసలో అనుదీప్‌కి దగ్గొచ్చింది.

"అయితే సరే." రత్నమాల గారు కలం తెరిచారు. "ఇంతమంది అడుగుతున్న గదిని మూయడం తెలివితక్కువ. ఉంచమని రాస్తున్నాను."

జయశ్రీ ఆ కలం వంకే చూసింది. నోరు మూసుకుని కూర్చుంటే చాలు. గది తనదే. బీరువాలు, కిటికీ గట్ల మీద కూర్చున్న పిల్లలు, అన్నీ. ఒక్క నిమిషం. కలం కాగితాన్ని తాకేదాకా.

లేచి నిలబడింది.

"ఆ పుస్తకం లేదు మేడం. క్లాసు కోసం నేను కల్పించిన. మూడో సంపుటమే కాదు, మొదటిది, రెండోది కూడ లేవు. నాలుగు వందల పన్నెండు మంది అడిగింది లేని పుస్తకాన్ని. కేటలాగు అబద్ధం చెప్తే గది ఉండీ ఏం లాభం?"

ఇంద్రసేన గారు కిటికీలోంచి బయటికి, నారాయణగూడ ఫ్లైఓవరు మీదికి, ఎంతో ఆసక్తిగా చూడసాగారు.

రత్నమాల గారు కలం మూశారు. "అడిగినవాళ్లు వచ్చారా, మెయిళ్లేనా?"

"వచ్చిన్రు మేడం."

"వస్తే ఏం చేశారు?"

"ఉన్న పుస్తకాలు ఇచ్చిన."

రిజిస్టరు తెప్పించారు. రత్నమాల గారు పేజీలు తిప్పారు. మంగళవారం నుంచి శుక్రవారం దాకా మూడు వందల ఆరు సంతకాలు. గెజిటీర్లు, నివేదికలు, జనాభా లెక్కలు, శాసనాలు. ప్రతి ఒక్కటీ నిజంగా ఉన్న పుస్తకం. ఎనభై మంది రెండోసారి వచ్చారు. ఒకతను గురువారం నాలుగుసార్లు సంతకం పెట్టాడు.

ఆమె గదిలోకి నడిచారు. శనివారమైనా గది నిండా జనం. మధ్యలో పీరయ్య స్టూలు మీద కూర్చుని ఊట గురించి చెబుతుంటే ఇరవై మంది రాసుకుంటున్నారు. రత్నమాల గారు గుమ్మంలోనే ఆగి పది నిమిషాలు విన్నారు. తర్వాత బ్యాగులోంచి తన నోటుబుక్కు తీశారు.

"లేని పుస్తకం కోసం వచ్చి ఉన్న పుస్తకాలు చదివారన్న మాట" అన్నారు చివరికి. "సమాచార శాస్త్రమంటే ఇదే కదమ్మా. ఇంద్రసేన గారూ, ల్యాబు సంగతి పై అంతస్తులో చూసుకోండి."

సోమవారం ఉత్తర్వులొచ్చాయి. చదువుకునే గది యథాతథంగా ఉంటుంది. కుర్చీలు నలభై అదనం. పీరయ్య చెప్పేది రికార్డు చేసి, ఆయన పేరు మీదే మూడో సంపుటంగా అచ్చు వేయాలి. మొదటి రెండు సంపుటాలూ డైరెక్టరు గారింట్లో భద్రంగా ఉన్నందున వాటిని మళ్లీ రాయించాల్సిన అవసరం లేదని కమిటీ భావించింది.