నాలుగు మూలలా పసుపు

గట్టయ్య ఆ ఉదయం చాయ్ తాగుతూ పెద్ద నిర్ణయమే ప్రకటించాడు. ఈసారి దోస్తులకు కొత్త సంవత్సరం కార్డులు పంపాలి. రంజాన్, క్రిస్మస్, బుద్ధ జయంతి, అన్నిటికీ కలిపి ఒకటే శుభాకాంక్ష. దుర్గాపూర్ బొగ్గు గనిలో అతనితో పనిచేసి రిటైరైన రహమత్, శామ్యూల్, వాంఖడేలకే ఈ హంగామా అంతా. అసలు బెంగ మాత్రం రహమత్ గురించే. మొన్న రంజాన్‌కు గట్టయ్య తన ఇంటికి షీర్‌ఖుర్మా తాగడానికి రాలేదని అలిగి మాట మానేశాడు. బజార్లో ఎదురుపడితే పక్క సందులోకి తిరిగిపోతున్నాడు. గట్టయ్యకు అన్నం సహించడం లేదు.

కార్డులు మంచిర్యాలలో తెలుగులో అచ్చయి వచ్చాయి. మరాఠీ ఊళ్లో పెరిగిన దోస్తులకు తెలుగు మాటలొచ్చు గానీ అక్షరాలు రావు. తేదీ అంకెలు అర్థమైతే చాలన్నాడు గట్టయ్య. అతని భార్య సాయమ్మకు ఆ కార్డులు నచ్చలేదు.

"గిట్ల బోడిగ పంపితే దినాల కార్డు అనుకుంటరు" అని, అతను స్టాంపులు తెచ్చేలోగా అన్నిటికీ నాలుగు మూలలా పసుపు పూసి, కవర్లలో పెట్టి అతికించేసింది. గట్టయ్య హుషారుగా పోస్టులో వేసొచ్చాడు.

జనవరి ఒకటిన మధ్యాహ్నం వాకిట్లో ఆటో ఆగింది. సూటు బూటుతో శామ్యూల్, భార్యతో వాంఖడే, రంగు కాగితాలు చుట్టిన డబ్బాలు పట్టుకుని దిగారు.

"పెళ్లిపిల్ల ఏది?" అన్నాడు శామ్యూల్.

గట్టయ్య ఒక్కగానొక్క కూతురికి ఎప్పుడో పెళ్లయిపోయింది. అతను తెల్లమొహం వేస్తే, శామ్యూల్ జేబులోంచి కార్డు తీసి పసుపు మూలలు చూపించాడు. సాయమ్మ చప్పుడు చేయకుండా వంటింట్లోకి జారుకుంది. అయితే ఇది షష్టిపూర్తే, పెళ్లికొడుకు గట్టయ్యే అని వాంఖడే తేల్చేసి, భార్యను పూలదండలకు పంపాడు. శామ్యూల్ పక్కింటి కుర్చీలు తెచ్చి వాకిట్లో వేశాడు. కుర్చీలు చూసి వాడంతా వచ్చి కూర్చుంది. వచ్చినవాళ్లను చూసి సాయమ్మ ఉన్న బియ్యమంతా పొయ్యెక్కించింది.

గట్టయ్య మెడలో వాంఖడే దండ వేయబోతుండగా గేటు దగ్గర రహమత్ కనిపించాడు. ఒంటి మీద షేర్వాణీ, చంకలో చీర పెట్టె. గట్టయ్య ఆనందంతో గేటు వైపు పరుగెత్తబోయాడు, మరుక్షణమే భయం పట్టుకుంది. నిజం చెబితే రహమత్ అటునుంచి అటే పోతాడు. చెప్పకుండా ఉందామంటే నోరు ఊరుకోలేదు.

"పెళ్లి లేదు గిళ్లి లేదు, భాయ్. నువ్వు మాట్లాడుతవేమోనని కార్డు పంపిన, గంతే."

రహమత్ అతన్ని ఎగాదిగా చూశాడు.

"భాభీకి చీర తెచ్చిన. ఇప్పుడు పెళ్లి లేదంటే వాపస్ తీస్కపోవాల్నా?"

తనే రెండో దండ అందుకుని, సాయమ్మను వంటింట్లోంచి పిలిచి చేతికిచ్చాడు. గట్టయ్య అందరి ముందే ఏడ్చేశాడు, సాయమ్మ మెడలో దండ కూడా వంకరగా వేశాడు. ఎవరూ పట్టించుకోలేదు, చప్పట్లు మోగిపోయాయి.

మళ్లీ పెళ్లి చేసుకుంటే మాత్రం ఇంటికొచ్చి పిలవాలని, పోస్టులో వచ్చే పిలుపుకు తాను రాబోనని, రహమత్ మారు వడ్డించుకుంటూ ఖరాఖండిగా చెప్పాడు.