దేశం దాటిన ట్రిగ్గర్

"రాష్ట్ర ప్రజలారా! విదేశీ రైఫిళ్ళల్ల స్వదేశీ సామాను పడేదాంక నేను జర్మనీ గడ్డ ఇడిచి రాను. ఇది నా శపథం!"

రాష్ట్ర క్రీడా ఆయుధాల సంస్థ చైర్మన్ గంగాధరరావు గారు ఈ చారిత్రక ప్రకటన చేసింది ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన ఎష్‌బోర్న్‌లో, మా వంటింట్లో నిలబడి, ఫేస్‌బుక్ లైవ్‌లో. అప్పటికి విమానాలు ఆగిపోయి రెండు వారాలైంది. వెళ్ళే దారే లేనప్పుడు కూడా వెళ్ళనని భీష్మించుకోవాలంటే మామూలు గుండె చాలదు. ఆయన వెనకాల వీడియోలో కనిపించిన జర్మనీ అడవి మాత్రం మా స్నానాల గది కర్టెన్.

ఆయన నా భార్య ప్రవీణకు మేనమామ. "రెండు దినాలుంట అల్లుడా" అని సూట్‌కేసుతో దిగారు. వచ్చిన పని కూడా చిన్నదే. మా రాష్ట్ర షూటింగ్ అకాడమీ పిల్లల కోసం జిండెల్ఫింగెన్ దగ్గర ఒక పాతకాలపు కంపెనీకి రైఫిళ్ళు ఆర్డరిచ్చారు. వాటి పక్కన నిలబడి ఫొటో దిగి వెళ్ళిపోవాలి. ఈలోగా కరోనా వచ్చింది. దాని వెనకే మా రాష్ట్రానికి స్వయంసమృద్ధి కూడా వచ్చింది. బయటినుంచి తెచ్చే రైఫిల్‌లో విదేశీ భాగాలు పదికి మించకూడదని, మిగతావి స్వదేశంలో తయారైనవి తెచ్చి మార్చాలని, మార్చకపోతే ఆ రైఫిల్ చట్టవిరుద్ధమని కొత్త రూలు వేశారు. వేసిన కమిటీకి అధ్యక్షులు గంగాధరరావు గారే. తన ఆర్డర్‌నే ఇరకాటంలో పెట్టే రూలు మీద, మా సోఫాలో కూర్చుని, చేయి వణక్కుండా సంతకం పెట్టిన నిష్పక్షపాతి ఆయన. పెన్ను నేనే అందించాను.

మర్నాడే జర్మనీలోని తెలుగువాళ్ళందరినీ జూమ్‌లో పోగేశారు. తెలుగోడి చేతిలో తయారైంది ఏ దేశంలో ఉన్నా స్వదేశీయే అని ఆయన సిద్ధాంతం.

"మీలో ఎవరికన్న తుపాకి సామాన్లు చేసుడు వస్తదా?"

"నాకు జావా వచ్చు సార్," అన్నాడు డ్యూసెల్‌డార్ఫ్ నుంచి ఒకాయన.

"గది ఇనుముతోని చేస్తరా?"

"కాదు సార్, ఇంట్లో కూర్చుని చేస్తాం."

"శభాష్! కుటీర పరిశ్రమ!" అని చైర్మన్ గారు చప్పట్లు కొట్టించారు. ఆ రోజు ఆదివారం. చప్పట్లకు, నినాదాలకు కింది అంతస్తు ముసలావిడ వచ్చి తలుపు కొట్టి, ఆదివారం నిశ్శబ్దం పాటించాలని జర్మన్‌లో గట్టిగా అరిచి వెళ్ళింది. స్థానిక ప్రజల్లో కూడా స్పందన బాగుందని ఆయన సాయంత్రం లైవ్‌లో చెప్పారు.

ఆ జూమ్ మీటింగ్‌లో పనికొచ్చిన మాట మాట్లాడింది ఒక్క ఉజైర్. హైదరాబాద్ కుర్రాడు, జిండెల్ఫింగెన్ కార్ల ప్లాంటులో ఇంజినీరు. ప్లాంటు సగం మూతపడి కుర్త్సార్‌బైట్‌లో ఉన్నాడు. అంటే సగం పని, సగం జీతం, దిగులు మాత్రం పూర్తిగా. వాళ్ళ నాన్న అజీజ్ గారికి బాలానగర్‌లో చిన్న కార్ఖానా ఉంది. లాక్‌డౌన్‌లో తాళం పడింది.

"చిన్న ఇనుప సామాను ఏదైనా అబ్బా చేస్తడన్నా," అన్నాడు నాతో విడిగా ఫోన్ చేసి. "ఈ ఆర్డర్ రాకపోతే మిల్లింగ్ మిషన్‌ను తుక్కు దుకాణపాయన పట్టుకపోతడు. లారీ మాట్లాడుకున్నడంట గూడ. అమ్మీ కంటె ముందు మా ఇంట్లకొచ్చింది అది. అది పోతె అబ్బా మనిషి గాడు."

నేను చైర్మన్ గారికి చెప్పాను. ఆయన చలించిపోయారు. కంపెనీ ఇచ్చిన బొమ్మలు పంపి శాంపిళ్ళు తెప్పించమన్నారు. కార్గో విమానాలు తిరుగుతున్నాయి కాబట్టి ట్రిగ్గరూ, దాని చుట్టుపక్కల ఉండే పిన్నులూ బందులూ కొన్ని వారాల్లోనే వచ్చాయి. వేసవిలో ఆంక్షలు కాస్త సడలాక కంపెనీ నుంచి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరికింది. ముగ్గురం మాస్కులు కట్టుకుని వెళ్ళాం.

అక్కడి ఇంజినీరు ఫ్రావ్ కెల్లర్ అనే ఆవిడ ఒకటిన్నర మీటరు దూరంలో నిలబడి ఉజైర్ పొట్లం అందుకుంది. ఒక ట్రిగ్గర్‌ను అటూ ఇటూ తిప్పి చూసింది. లోపలికి వెళ్ళి ఒక సొరుగు మొత్తం ఊడదీసి పట్టుకొచ్చింది. అందులో అవే ట్రిగ్గర్లు, అవే పిన్నులు, అదే పచ్చ పొట్లం, దానిమీద అజీజ్ గారి కార్ఖానా పేరు.

"ఇవి మేం ఎప్పటినుంచో వాడుతున్నవే," అని ఆవిడ చెప్పిందాన్ని ఉజైర్ తెలుగులో చెబుతూ మధ్యలో ఆగిపోయాడు. "అన్నా, అబ్బాకు తెల్వదు! డ్యూసెల్‌డార్ఫ్ ఏజెంట్ ఒకాయన కొంటుండె. జర్మనోళ్ళ తలుపు గొళ్ళాలకు అనుకున్నడు. మనం పంపిన బొమ్మల తీరుగనే ఉన్నయని పాత స్టాకుల కెల్లి అవే తీసి పంపిండు."

ఫ్రావ్ కెల్లర్ వేళ్ళమీద లెక్కపెట్టి, ఈ సామానును స్వదేశీ లెక్కలో వేస్తే విదేశీ భాగాలు పది కూడా లేవంది. మీ రూలు ప్రకారం ఈ రైఫిల్ ఇప్పుడే సరిగ్గా ఉంది, వచ్చే వారమే పంపిస్తామంది. ఉజైర్ కళ్ళు తడిశాయి. నాకూ పట్టరాని సంతోషం వేసింది. బాలానగర్ సామాను జర్మనీ దాకా వచ్చి తుపాకీలో కూర్చుందంటే ఏ తెలుగువాడికి గర్వంగా ఉండదు?

చైర్మన్ గారి ముఖం మాత్రం వాడిపోయింది.

"అంటే మార్చేటందుకు ఏం లేదా?"

"అవసరం లేదంటోంది మామయ్యా."

"గట్లెట్ల అల్లుడా? భాగాల మార్పిడి మహోత్సవం పెట్టుకున్నం. మంత్రి గారు డేట్ ఇచ్చిండ్రు. ఏం మార్చకుంట మార్పిడి ఏంది?"

పార్కింగ్ స్థలంలో నిలబడే కార్యదర్శి శ్యామలాదేవి గారికి ఫోన్ కలిపారు. స్పీకర్ పెట్టారు. చట్టం ఆవిడకు కొట్టిన పిండి.

"సార్, మన దేశంలో పుట్టి, దేశం దాటిపోయి, అక్కడే స్థిరపడిన మనిషిని ఏమంటామండీ?"

"ఎన్నారై అంటం."

"ట్రిగ్గరైనా అంతేనండీ. దేశం దాటిన రోజే విదేశీదైపోయిందండి."

చైర్మన్ గారు ఫోన్ పెట్టేసి నన్ను కిందినుంచి పైదాకా ఓసారి చూశారు. నాలో మార్చాల్సిన భాగాలేమైనా ఉన్నాయేమో అని నాకే అనుమానం వచ్చింది.

ఉజైర్ వదల్లేదు. "అంకుల్, సామాను దేశం దాటింది గని కార్ఖానా దాటలేదు గదా? కొత్తవి అబ్బా నేరుగ మీకే ఇస్తడు. రెండు వారాలు చాలు."

"బేటా, మీ అబ్బాజాన్ విదేశీ రైఫిల్ కంపెనీకి సప్లయర్. ఇప్పుడే కండ్లార చూస్తి గదా, సొరుగు నిండ ఉన్నయి. అసుంటాయనకు స్వదేశీ టెండర్ ఎట్ల ఇస్త? రేపు పేపరోళ్ళు నన్ను ఇడుస్తరా?"

"మరి మీ రూలు ప్రకారం ఇంకెవరు చెయ్యాలె అంకుల్?"

"ఇప్పటిదాంక అసలు ఇసుంటి పని చెయ్యనోడు చెయ్యాలె. గప్పుడే నిష్కళంకం."

నాకు ఒళ్ళు మండింది. ఇది అన్యాయం మామయ్యా అన్నాను కూడా. ఆయన నా భుజం తట్టి, ఆకలైతుంది పోదాం పద అన్నారు.

అలాంటి నిష్కళంకుడు త్వరలోనే దొరికాడు. పేరు నరసింహులు. ఫంక్షన్ హాళ్ళ యజమాని. కరోనా వల్ల పెళ్ళిళ్ళు లేక ఖాళీగా ఉన్నాడు. తుపాకీని సినిమాలో తప్ప చూసి ఎరగడు. చైర్మన్ గారికి స్వయానా బామ్మర్ది కావడం కేవలం యాదృచ్ఛికమని చైర్మన్ గారే లైవ్‌లో చెప్పారు. బామ్మర్ది పంపిన మొదటి పార్శిల్ కంపెనీకి చేరినప్పుడు, ట్రిగ్గర్లు చుట్టిన న్యూస్‌పేపర్ మాలో ఎవరికీ రాని భాషలో ఉంది.

"పేపరే బయటిది. లోపల సరుకు మనదే," అన్నారు చైర్మన్ గారు.

ఫ్రావ్ కెల్లర్ ఒకటి బిగించి పరీక్షించింది. మూడోసారి నొక్కేసరికి ట్రిగ్గర్ వంగిపోయింది. ఆవిడ మాస్కు కిందికి లాగి మరీ ఏదో అంది. ఉజైర్ దాన్ని తెలుగు చేయలేదు.

"ఏం ఫరక్ పడదు," అన్నారు చైర్మన్ గారు. "పిల్లలు మొదట తుపాకి పట్టుకునుడు నేర్చుకోవాలె. కాల్చుడు రెండో సంవత్సరం సిలబస్."

ఆ రైఫిళ్ళలోంచి బాలానగర్ సామాను ఊడదీసి, కొత్త సామాను బిగించమన్నారు. అందుకు కంపెనీ వాళ్ళు ఒప్పుకోలేదు కాబట్టి, రైఫిళ్ళు ఓ పక్క, భాగాలు ఓ పక్క పంపితే మహోత్సవంలో వేదిక మీదే మంత్రి గారి చేతులమీదుగా పాతవి తీసి కొత్తవి బిగించారు. అన్నీ చట్టబద్ధమయ్యాయి. ఒక్క లోటు మాత్రం మిగిలింది. స్వదేశీ భాగం మీద స్వదేశీ అని ముద్ర ఉండాలని, అది లేకపోతే తర్వాతి విడత బిల్లు పాస్ చేయలేనని శ్యామలాదేవి గారు పట్టుబట్టారు.

అంతకుముందు, శపథం పక్కనపెట్టి మహోత్సవం కోసం ప్రత్యేక విమానం ఎక్కిన రోజు, ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టులో చైర్మన్ గారు ఉజైర్‌ను దగ్గరికి పిలిచి, "మీ అబ్బాజాన్‌ను నేను మరిచిపోను బేటా. ఏదో ఒక పని ఇప్పిస్త. ఇది నా మాట," అన్నారు. ఆయన మీద నాకున్న కోపం కాస్త దిగింది. ఎంతైనా మనిషి మనసు మంచిది.

మాట నిలబెట్టుకున్నారు కూడా. చలికాలంలో, మళ్ళీ అన్నీ మూసేసిన రోజుల్లో, ఉజైర్ ఫోన్ చేశాడు.

"అన్నా, అబ్బా కార్ఖానా తెరిచిండు! సర్కారు ఆర్డర్ వచ్చింది. పనోళ్ళందరు వచ్చిండ్రు. రెండు షిఫ్టులు నడుస్తున్నయి!"

"ఎంత మంచి మాట చెప్పావు ఉజైర్! ట్రిగ్గర్లకేనా?"

"ట్రిగ్గర్లకే అన్నా. నరసింహులు సార్ బస్తాలల్ల పంపిస్తడు. ఓడ దిగంగనే సీదా మా కార్ఖానకే వస్తయి. వాటిమీద స్వదేశీ అని ముద్ర గుద్ది ఇచ్చుడు అబ్బా పని."

"పోనీలే," అన్నాను, "మిషన్ అయితే దక్కింది కదా."

"అమ్మేసిండన్నా. బస్తాలు పెట్టేటందుకు జాగా సరిపోతలేదంట."