పెద్దక్క పళ్ల దీక్ష

పార్సిల్ ఆఫీసు కౌంటరులో కూర్చునే గుమాస్తా ఒకావిడ ఉంది. ఆఫీసులో అందరికీ ఆవిడ పెద్దక్క. ఆ ఉదయం ఆవిడ కడుపునిండా తిని, పళ్లు తోముకుని, అద్దం ముందు నిలబడి తొడుగులు నొక్కి బిగించుకుంది. కనిపించీ కనిపించని పల్చటి తొడుగులవి. వంకర పళ్లను కొంచెం కొంచెంగా నెట్టి వరసలోకి తెస్తాయి. తిండికి తప్ప తియ్యకూడదన్నది డాక్టరమ్మ షరతు. పెద్దక్కేమో టీకొకసారి, కబుర్లకొకసారి, నొప్పెడుతోందని మరొకసారి తీసి డబ్బాలో పడేస్తూ వచ్చింది. పళ్లు వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఇంకోసారి ఇలా చేస్తే కొలతల దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సిందేనని డాక్టరమ్మ ఖరాఖండీగా చెప్పేసింది.

పన్ను మీద పన్నెక్కిన ఆ వరసతో పెద్దక్క చిన్నప్పటినుంచీ వేగుతూనే ఉంది. పెళ్లి ఫొటోలోనూ మూతి బిగించుకునే కూర్చుంది పాపం. నీదంతా ఆరంభశూరత్వమేనని భర్త నవ్వాడు. ఆ నవ్వు ఆవిడ గుండెల్లో గుచ్చుకుంది. సాయంత్రం ఇంటికొచ్చేదాకా మంచినీళ్లు తప్ప ఏదీ ముట్టకూడదు, తొడుగులు తియ్యకూడదు, సంగతి ఆఫీసులో పొక్కకూడదు అని గట్టిగా తీర్మానించుకుంది. పొక్కిందంటే ఇక పార్సిళ్లు మానేసి అందరూ ఆవిడ పళ్లే లెక్కపెడతారు.

వచ్చిన చిక్కల్లా ఒక్కటే. భోజనాల గదిని సామాన్ల గదిగా మారుస్తున్నామనీ, ఇకనుంచి ఎవరి బల్ల దగ్గర వాళ్లే తినాలనీ మేనేజరు ముందురోజే నోటీసు అంటించి గదికి తాళం వేయించారు. ఆఫీసంతా లోలోపల కుతకుతలాడుతోంది గానీ, పైకి అనే ధైర్యం ఒక్కరికీ లేదు.

టీ వచ్చింది. పెద్దక్క వద్దని చెయ్యి ఊపింది. బిస్కెట్లు వచ్చాయి. వాటికీ ఊపింది. పక్క కౌంటరు పిల్లకి మైకు అని ముద్దుపేరు, నోట్లో నువ్వుగింజ నానదు. ఏమైందక్కా అని ఆరా తీసింది. తొడుగులతో మాట్లాడితే నాలుక తడబడుతుంది కాబట్టి పెద్దక్క పెదవి విప్పలేదు. మొహం తిప్పుకుని ఎదురుగా చూసింది. ఎదురుగా ఉన్నది భోజనాల గది తాళం. మైకు ఆ తాళాన్నీ చూసింది, పెద్దక్క బిగించిన మూతినీ చూసింది. ఇంకేం కావాలి?

పెద్దక్క నిరాహారదీక్ష పట్టిందన్న కబురు పార్సిళ్లకన్నా ముందే గోడౌను చేరింది. ఆవిడ ఒక్కతీ కడుపు మాడ్చుకుంటుంటే మనకి ముద్ద దిగుతుందా అంటూ డ్రైవర్లూ తూకాల వాళ్లూ క్యారియర్లు మూసేశారు. ఇదేమీ ఎరగని పెద్దక్క మాత్రం, ఇవాళ తినమని ఎవరూ ప్రాణం తియ్యడం లేదు, దేవుడు చల్లగా చూశాడు అనుకుంది.

సాయంత్రం పై ఆఫీసునుంచి పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నారు. దీక్ష సంగతి చెవిన పడగానే మేనేజరు పరుగున కౌంటరు దగ్గరికొచ్చారు.

"ఏం కావాలమ్మా మీకు?"

"ఏం వద్దండీ," అంది పెద్దక్క, పళ్లు గట్టిగా బిగించి.

ఆ బిగింపు చూసి ఆయనకి ముచ్చెమటలు పోశాయి. అప్పటికప్పుడు తాళం తీయించారు. గ్లాసుడు పళ్లరసం తెప్పించి, జనం మధ్య రెండు చేతులా అందించి, దీక్ష విరమించమని బతిమాలారు. దీక్ష అన్న మాట పెద్దక్క చెవిన పడటం అదే మొదలు. తొడుగులతో తాగితే తీపి పళ్లకి పట్టి పుచ్చిపోతాయి. తీసి తాగితే గుట్టు రట్టవుతుంది. తల అడ్డంగా ఊపింది. కొత్త బల్లలు వేయిస్తానన్నారు మేనేజరు. ఊపింది. ఫ్యాన్లు పెట్టిస్తానన్నారు. ఊపింది. ఫ్రిజ్జు కూడా అన్నారు.

మైకు చెవిలో గొణిగింది. "ఇంకాస్త బిగించక్కా. ఏసీ కూడా వచ్చేలా ఉంది."

అప్పుడు కనబడ్డాడు అటెండరు బాబాయి, గోడ పట్టుకుని నిలబడి. షుగరు మనిషి. పెద్దక్క తినందే తాను మెతుకు ముట్టనని ఒట్టేసుకున్నాడట. అతని చేతులు వణుకుతున్నాయి. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఆ వణుకు చూశాక పెద్దక్క ఇక ఆలోచించలేదు. నోట్లో వేళ్లు పెట్టి తొడుగులు రెండూ అందరి ముందూ లాగేసింది. ఉమ్మి దారంలా సాగింది.

"ఇది దీక్షా కాదు, పాడూ కాదు. పళ్లు బాగుచేయించుకుంటున్నాను. ఇంత వయసొచ్చింది, ఒక్కసారైనా నోరారా నవ్వాలని నాకుండదా? ముందు బాబాయికి ఏమన్నా పెట్టండి," అని రసం గటగటా తాగేసింది.

మేనేజరు తేరుకున్నారు. అసలు దీక్షే లేనప్పుడు గది తెరవడమెందుకు, మూసెయ్యమని తాళం కోసం చెయ్యి చాపారు. బాబాయి అప్పటికే ఆ గదిలో క్యారియరు విప్పి కూర్చున్నాడు. తలెత్తకుండానే జవాబిచ్చాడు.

"ఆవిడ చెయ్యకపోతే పోనివ్వండి సార్. మేం నిజంగానే చేశాం కదా."

అతని వెనకే డ్రైవర్లూ తూకాల వాళ్లూ వెళ్లి కూర్చున్నారు. ఒక్కరూ లేవలేదు. బయట పెద్ద అధికారి కారు హారను మోగింది. మేనేజరు చాపిన చేతిని జేబులో పెట్టుకుని ఎదురెళ్లారు.

గుట్టు రట్టయ్యాక పెద్దక్కకి కాపలా మొదలైంది. ఆవిడ వేలు మూతి దగ్గరికి వెళితే చాలు, తియ్యకక్కా అంటూ గేటునుంచి గోడౌనుదాకా కేకలు. భోజనం కాగానే తొడుగులు పెట్టుకున్నదీ లేనిదీ మైకు ఊరందరికీ వినబడేలా చెప్పేది. సిగ్గుతో చచ్చిపోతూనే పెద్దక్క పంటి బిగువున నెట్టుకొచ్చింది. మళ్లీ వెళ్లినప్పుడు డాక్టరమ్మ చూసి, పళ్లు అనుకున్న చోటికి కదిలాయంది. మెట్లు దిగుతూ పెద్దక్క ఒక్కతే నోరంతా తెరిచి నవ్వింది. ఎదురొస్తున్న పెద్దాయన జడుసుకుని పక్కకి తప్పుకున్నాడు.

కొన్నాళ్లకి అందరూ వెళ్లిపోయాక మేనేజరు కౌంటరు దగ్గరికొచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి ఆ డాక్టరమ్మ అడ్రసు అడిగి తీసుకున్నారు. ఆ తరవాతి నెలనుంచి ఆయన ఆఫీసులో టీ చుక్క కూడా ముట్టడం లేదు. ఆయనకి మద్దతుగా మాత్రం ఇంతవరకూ ఎవరూ పస్తు ఉండలేదు.