దోన్ ఎవెలియో గారి బలహీనమైన పెట్టె

"బలహీనమైన తేనెపెట్టెను బలపరచడమే బలమైన ఊరికి పునాది!"

ఈ మాటను మా తేనె సంఘం అధ్యక్షులు దోన్ ఎవెలియో పోట్ గారు మైకులో మూడుసార్లు అన్నారు. సభకు వచ్చింది పదకొండు మందిమి, ఒక కుక్క. అయినా మైకు లేకపోతే అది ప్రకటన ఎలా అవుతుంది? రాజధాని మెరిదా నుంచి ప్రభుత్వం ఒక పథకం పంపిందట. నీరసించిన ప్రతి పెట్టెకూ రెండు బస్తాల చక్కెర, ఒక కొత్త రాణి ఈగ!

వెనక బెంచీ మీద నేను నిటారుగా కూర్చున్నాను. తాత పోయాక మాకు మిగిలింది ఒకటే పెట్టె. పది చట్రాల పెట్టెలో ఈగలు మూడు చట్రాల మీదే ఉన్నాయి. జనవరిలో పొలాల్లో తహోనాల్ మొక్కలు పూతకొచ్చేలోపు అవి పుంజుకోకపోతే పెట్టె చచ్చినట్టే. పెట్టె చస్తే సంఘం పుస్తకంలో పేరు కొట్టేస్తారు. తాత పేరు అందులో ముప్ఫై ఏళ్ళుగా ఉంది.

సభ అయ్యాక, గౌను సర్దుకుని ఆయన ముందు నిలబడ్డాను.

"దోన్ ఎవెలియో, మా పెట్టె..."

"జాబితా అయిపోయిందమ్మా నేలీ!"

జాబితా తలుపుకు అంటించి ఉంది. మొదటి పేరు దోన్ ఎవెలియో. రెండోది ఆయన తమ్ముడు. మూడోది బావమరిది. నాలుగోది బావమరిదికి బావమరిది. వీళ్ళ పెట్టెల్లో ఈగలు చోటు చాలక బయట గడ్డాల్లా వేలాడుతుంటాయి. అప్పుడు తెలిసింది నాకు, బలహీనుల జాబితాలో చేరాలంటే చాలా బలం ఉండాలని!

మెరిదా నుంచి పెట్టెల తనిఖీకి వచ్చే రోజు తెల్లవారుతుండగా మా గుమ్మం ముందు మూడు చక్రాల బండి ఆగింది. దాని మీద నీలం రంగు పెట్టె. పక్కన దోన్ ఎవెలియో.

"దోన్యా తోమాసా! ఊరి పరువు మీ చేతుల్లో ఉంది!" అన్నారు మా అమ్మమ్మతో.

అమ్మమ్మ చేతుల్లో మొక్కజొన్న పిండి ఉంది. "కడుక్కుని రానా?" అంది.

"ఈ ఒక్క రోజుకీ మీ పెట్టె నా పెరట్లో పెడతాను. నా పెట్టె మీ బల్ల మీద ఉంటుంది. రేపు ఎవరిది వాళ్ళకే."

"మాదెందుకు బాబూ? అది చావుబతుకుల్లో ఉంది."

"అందుకేగా! ఊరంతా గాలించాను. నిజంగా నీరసించిన పెట్టె మీదొక్కటే. ఏం అదృష్టవంతులండీ మీరు!"

సంఘం పెట్టెలన్నీ ఒకే నీలం. మారిస్తే ఎవరికీ తెలీదు. ఒక్క ఈగలకు తప్ప. తేనెటీగకు పెట్టె తెలీదు, చోటే తెలుసు అనేవాడు తాత. మేతకు పోయిన ఈగ నిన్న ఏ బల్ల మీద వాలిందో ఇవాళా అక్కడే వాలుతుంది, అక్కడ ఎవరి పెట్టె ఉన్నా సరే. దోన్ ఎవెలియోకి ఇది తెలీదు. ఆయన పెట్టెల్ని బావమరిది చూసుకుంటాడు, ఆయన సభల్ని చూసుకుంటారు.

చెప్పాలా? నన్నెవరూ అడగలేదు. అడగనిది చెప్పే అలవాటు నాకు మొదట్నుంచీ లేదు. అమ్మమ్మ నావైపు చూస్తే తలూపాను.

"బంగారం లాంటి పిల్ల. నోట్లో నాలుకే లేదు!" అంటూ ఆయన మా పెట్టెను బండి మీదికి ఎత్తుకున్నారు.

తనిఖీకి తొమ్మిదింటికి రావాల్సిన ఇంజనీరమ్మ ప్రభుత్వ పద్ధతి ప్రకారం మూడింటికి వచ్చింది. ఈలోపు ఎండ బాగా కాసింది. మా ఇంట్లోంచి మేతకు బయల్దేరిన దోన్ ఎవెలియో గారి ఈగలు పుప్పొడి కాళ్ళకు అంటించుకుని, నాలుగు వీధులు దాటి, బుద్ధిగా తమ పాత చోటుకే, ఆయన పెరట్లో నారింజ చెట్టు కిందికే చేరాయి. అక్కడ మా పెట్టె ఉంది. అందులోకే దూరాయి.

తనిఖీ చూడ్డానికి సంఘమంతా ఆ పెరట్లో చేరింది, నేనూ వెళ్ళాను. దోన్ ఎవెలియో ఇస్త్రీ చొక్కా, దిగులు ముఖం వేసుకుని నిలబడ్డారు.

"ఏం చెప్పమంటారమ్మా! ఇది నా సొంత బిడ్డ. మూడేళ్ళుగా సాకుతున్నాను. ఇవాళో రేపో ప్రాణం పోయేలా ఉంది!" అని ఫారం మీద సంతకం కూడా పెట్టారు.

ఇంజనీరమ్మ మూత ఎత్తింది. ఈగలు పాలు పొంగినట్టు పొంగాయి. ఒకటి దోన్ ఎవెలియో చెవిని స్వయంగా తనిఖీ చేసింది.

"ఎనిమిది చట్రాల నిండా ఉన్నాయి! ఇది బలహీనమా? తప్పుడు ఫారానికి జరిమానా ఉందండీ."

"అయ్యో, ఇది నాది కాదు! ఈ పిల్లది! నాది వాళ్ళింట్లో ఉంది!"

నారింజ రసం పంచుతున్న ఆయన భార్య గ్లాసుతో సహా ఆగిపోయింది.

"ఈ పిల్ల పెట్టె మీ ఇంట్లో ఏం చేస్తోంది?" అంది ఇంజనీరమ్మ.

చెవి పట్టుకుని దోన్ ఎవెలియో పెట్టెను చూశారు, ఫారం చూశారు, నన్ను చూశారు. ఊరికే అధ్యక్షులయ్యారా!

"బలపడుతోందండీ! పేదపిల్ల కదా అని నా ఈగల్ని దానం చేస్తున్నాను!"

"చోట్లు మార్చి బలపరిచారా! మంచి పద్ధతే. నిజమేనా అమ్మాయ్?"

అందరూ నావైపు తిరిగారు. బడిలో హాజరు పిలిచినా నాకు గొంతు పెగలదు.

"అవునండీ. పొద్దున్నే ఆయనే వచ్చి, ఆయన చేతుల్తోనే మోసుకెళ్ళారు."

అందులో ఒక్క అబద్ధం లేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

"పూత అయ్యేదాకా ఇలాగే ఉంచండి. కదిపితే ఈగలు మళ్ళీ తికమక పడతాయి. సరే, జాబితాలో మిగతా పెట్టెలు చూద్దామా?"

తమ్ముడు, బావమరిది, బావమరిదికి బావమరిది ఒకేసారి అన్నారు: "మావి పొద్దున్నే కోలుకున్నాయండీ!"

ఇప్పుడు సంఘం గోడ మీద అద్దం కట్టిన పత్రం ఉంది: 'బలహీనులను బలపరిచిన ఆదర్శ సభ్యులు.' దాని కింద బల్ల మీది సంఘం పుస్తకంలో తాత పేరూ అలాగే ఉంది. తహోనాల్ పూసి పొలాలన్నీ పసుప్పచ్చగా ఉన్నాయి. దోన్ ఎవెలియో పెట్టె మా ఇంట్లో కులాసాగానే ఉంది, అందులో పిల్ల ఈగలు పెద్దవయ్యాయి. నేను రోజూ పొగడబ్బా పట్టుకుని ఆయన పెరట్లోకి వెళ్ళి మా పెట్టె చూసుకుంటున్నాను. పది చట్రాలూ నిండాయి. ఆయన ఊయల మంచంలో పడుకుని లెక్కపెట్టలేని ఈగల్ని లెక్కపెడుతుంటారు.

నిన్న మెల్లగా లేచి వచ్చారు.

"అమ్మా నేలీ, పూత అయ్యాక... వీటిలో నా ఈగలు నాకు..."

"అలాగే దోన్ ఎవెలియో. మీవేవో గుర్తుపట్టి తీసుకోండి."

నా నోట్లో నాలుక ఉందని ఆయనకు అప్పుడే తెలిసింది.